కప్ప కథ చివరి వాక్యం

స్క్రూడ్రైవర్ చచ్చిపోయేటప్పటికి అతని చేతిలో పిల్లల ఆట ఉంది.

అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ వీడియో గేమ్ అది. చిన్న స్క్రీన్, రెండు బటన్లు, చిల్లుల స్పీకర్. పేరు ‘మాటలమూట’. పిల్లల భాషకీ ఊహాశక్తికీ పదును పెట్టే బ్రెయిన్ ట్రైనింగ్ గేమ్ అని డబ్బా మీద రంగురంగుల్లో రాసి ఉంటుంది. ఏ యంత్రం కనిపించినా విప్పి చూడందే అన్నం సయించని గూఢచారి డిపార్ట్‌మెంట్ ఇంజనీరు కనుక అతనికి స్క్రూడ్రైవర్ అన్న ముద్దుపేరు వచ్చింది. గేమ్ వెనక మూత విప్పి, లోపల ఉండకూడని వైరొకటి చూసి, “ఓహో” అన్నాడు. వర్క్‌షాపు కిటికీలోంచి సైలెన్సర్ తుపాకీ ఒక్కసారి దగ్గింది. అతను కునుకు తీస్తున్నట్టు బల్ల మీద తల వాల్చేశాడు.

తుపాకీ మనిషి వెళ్ళిపోయాక ఆ గదిలో మాట్లాడడానికి ఎవరూ మిగల్లేదు. అయినా ఒక ఆడగొంతు మాట్లాడింది.

“భలే చెప్పావు కన్నా! ఇప్పుడీ కథని నువ్వే పూర్తి చెయ్యి.”

జవాబు కోసం కాసేపు చూసి, మళ్ళీ అదే ముద్దుతో అదే మాట అంది. కాపలావాడు తలుపు తీసి కెవ్వున అరిచేదాకా అలా అడుగుతూనే ఉంది.

*

మర్నాడు పొద్దున్నే చుట్టానికి కబురు వెళ్ళింది.

చుట్టం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఎవరింట్లోకైనా దూరపు చుట్టంలా జొరబడి, కుశల ప్రశ్నలు వేసి, కాఫీ తాగి, కావలసిన రహస్యం తీసుకుని, చెప్పాపెట్టకుండా మాయమవడం అతని పద్ధతి. ‘ఈయన మనకేమవుతాడు?’ అని పెళ్ళి ఫోటోలు పట్టుకుని ఇప్పటికీ దెబ్బలాడుకునే కుటుంబాలు ఉన్నాయి.

లాండ్రీ వెనక గదిలో, ఇస్త్రీ ఆవిరి వాసన మధ్య, డిపార్ట్‌మెంట్ చీఫ్ కూర్చుని ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు. ఉపోద్ఘాతాలు ఆయనకి గిట్టవు.

“స్క్రూడ్రైవర్ పోయాడు.”

“విన్నాను సార్.”

“ఇది విన్లేదు.”

పెద్దాయన పసుపుపచ్చ గేమ్ బటన్ నొక్కాడు. భలే చెప్పావు కన్నా, అంది గొంతు. చుట్టం కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“గుర్తుపట్టావా?”

“మా అక్క.”

“పోయి ఏడాది దాటింది కదూ.”

“కారు తగలబడింది సార్. పెట్టె మూసేసి ఇచ్చారు. మొహం కూడా చూడనివ్వలేదు.”

అక్క డబ్బింగ్ ఆర్టిస్టు. పోయేముందు కొన్ని నెలలపాటు ఈ గేమ్ కంపెనీకి గొంతు ఇచ్చింది. కంపెనీ పైకి పిల్లల బొమ్మల వ్యాపారం, లోపల విదేశీ గూఢచారుల ముఠా. రీసెర్చ్ కాలనీలో ఉండే సైంటిస్టుల పిల్లలందరికీ మాటలమూట ఫ్రీగా పంచిపెట్టారు. మీ ఇంట్లో మాయ అలమర ఎక్కడుందో బొమ్మ గీయి, అంటుంది గేమ్. నాన్న ఫోన్లో ఎవరితో గుసగుసలాడతాడో కథ చెప్పు, అంటుంది. పిల్లలు ఉత్సాహంగా చెబుతారు. అందులోంచి ఊహ తీసేసి నిజం ఏరుకునే మనుషులు వేరే ఉన్నారు. ఇప్పటికే రెండు డిజైన్లు సరిహద్దు దాటిపోయాయి.

“అడగ్గానే పిల్లలు చెప్పేస్తారా సార్?”

“అడిగితే చెప్పరయ్యా. మెచ్చుకుంటే చెప్తారు.” పెద్దాయన కడుపుమంట బిళ్ళ ఒకటి నోట్లో వేసుకున్నాడు. “రేపు మీ బావ తయారుచేసిన రాడార్‌కి ట్రయల్. డిజైన్ మొత్తం స్ట్రాంగ్‌రూమ్‌లో ఉంది. ముఠా కన్ను దాని మీదే. లాబ్ లోపల వాళ్ళ మనిషి ఎవడో తలుపు దగ్గరే కాచుకుని ఉన్నాడు. తాళం ఒక్కటే తక్కువ.”

“మనవాళ్ళు?”

“కంపెనీలో మన ఏజెంట్ ఒకావిడ ఉంది. కోడ్‌నేమ్ నెమలి. వానాకాలం నుంచి రిపోర్టు లేదు. అటు తిరిగిపోయిందేమోనని నా అనుమానం.”

స్క్రూడ్రైవర్ చివరిగా చేసిన వస్తువు బల్ల మీద పెట్టాడు. చెవిటివాళ్ళు పెట్టుకునే మిషన్‌లా ఉంది. గేమ్‌తో మాట్లాడే ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్ళేకొద్దీ అది వేడెక్కుతుంది.

“ఎంత దగ్గరైతే చెవి అంత కాలుతుంది. అదేదో గొప్ప సదుపాయంలా చెప్పేవాడు పాపం.” పెద్దాయన గొంతు కాస్త తగ్గించాడు. “ఆ గొంతు ఉత్త టేపు. మనసులో ఇంకేం పెట్టుకోకు.”

“పెట్టుకోలేదు సార్,” అన్నాడు చుట్టం. అబద్ధం ఆడడం అతని వృత్తి. అయినా ఈసారి సరిగ్గా కుదరలేదు.

*

షోరూమ్‌కి అతను స్కూలు కరస్పాండెంట్ వేషంలో వెళ్ళాడు. చొక్కా కింద దూది పొట్ట, వేళ్ళకి ఉంగరాలు, మొహం మీద ఫీజులు పెంచబోయే మనిషి చిరునవ్వు.

గాజు అరల నిండా పసుపుపచ్చ గేమ్‌లు. ఒక్కొక్కటీ వెలుగుతూ, ఒక్కొక్కటీ తనలో తాను మాట్లాడుతూ ఉంది. ఒక అరలో అక్క పదాల గొలుసు ఆడిస్తోంది. ఇంకో అరలో బొమ్మ చూసి కథ చెప్పమంటోంది. మూలన ఉన్నది, ‘అబ్బ, ఎంత మంచి ఊహ!’ అంటూ ఖాళీ గోడని మెచ్చుకుంటోంది. అన్ని వైపుల నుంచీ అక్కే. చుట్టం ఒక గేమ్ చేతిలోకి తీసుకుని కథ పెట్టాడు. గుక్క తిప్పుకోకుండా చివరిదాకా చెప్పి, బీప్ కొట్టి, ‘ఇప్పుడు నీ వంతు’ అంది. టేపే. పెద్దాయన చెప్పింది నిజమే.

“ఎన్ని సెట్లు కావాలండీ?”

వెనక్కి తిరిగాడు. నల్ల కళ్ళద్దాలు, ఎర్రని పెదాలు, గది గుమ్మం దగ్గరికే వచ్చి పలకరించే సెంటు. ఆమె నవ్వితే ఎదుటివాడు జేబులు తడుముకుని, ఇంటి తాళాలు కూడా ఇచ్చేసేలా ఉంటాడు. నెమలి అని ఎవరు పేరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు.

చుట్టం కోడ్‌వర్డ్ వదిలాడు. “ఇది వానలో తడిస్తే పాడవుతుందా అండీ?”

‘తడవకుండా చూసుకోవాలి, మనుషుల్లాగే’ అని ఆమె అనాలి.

“వారంటీ ఉండదండీ,” అంది ఆమె. కళ్ళద్దాల వెనక కళ్ళు కనపడలేదు.

పెద్దాయన అనుమానం నిజమే అనుకున్నాడు చుట్టం. పై వారం వస్తానని బయటపడ్డాడు.

*

సాయంత్రం కాలనీలో బావ ఇంటికి వెళ్ళాడు. అక్కడ మాత్రం అతను నిజంగానే చుట్టం. బావ ఇంకా లాబ్‌లోనే ఉన్నాడు. ఇల్లు చూసుకునే ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

“పాప ఏదమ్మా?”

“భోజనాల బల్ల కిందండీ. బడి నుంచి వస్తే అక్కడే. మనతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఆ బొమ్మతో మటుకు గలగలా చెప్తుంది. రాతలో భాష బాగా పెరిగిందని టీచరమ్మ మెచ్చుకుంటోందట.”

మేనకోడలిని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. తల్లి పోయినప్పటి నుంచి మనుషుల దగ్గర ఆ పిల్ల నోటి నుంచి అవును, కాదు, వద్దు తప్ప వేరే మాట రాలేదు. చుట్టం చప్పుడు కాకుండా పక్కగదిలో నిలబడి చెవి ఒగ్గాడు. బల్ల కింద నుంచి అక్క గొంతు వినిపించింది.

“ఆ ఊళ్ళో ఒక దర్జీ ఉన్నాడు.”

ఆగింది.

“ఊఁ,” అంది బుడంకాయ.

“అతనికి ఒక్క సూదే ఉంది.”

మళ్ళీ ఆగింది.

“ఊఁ.”

చుట్టం గోడకి చేరబడ్డాడు.

అక్క అతనికంటే చాలా పెద్దది. అమ్మానాన్నలు పనులకి పోతే అతన్ని పెంచింది అక్కే. రోజూ పక్కలో పడుకోబెట్టుకుని కథ చెప్పేది. వాక్యానికొకసారి ఆగేది. అతను ఊఁ కొడితేనే ముందుకు. ఊఁ రాకపోతే తమ్ముడు నిద్రపోయాడని లెక్క. అక్కడికక్కడే, మాట మధ్యలో ఉన్నా సరే, ఆపేసి దుప్పటి కప్పేది. మర్నాడు సరిగ్గా అక్కణ్ణుంచే మొదలుపెట్టేది. అతనికి మాటలు రాకముందు వచ్చింది ఆ ఊఁ ఒక్కటే అని ఇంట్లో నవ్వుకునేవారు.

టేపుకి వాక్యం వాక్యానికీ ఆగడం తెలియదు. షోరూమ్‌లో తన చెవులతోనే విన్నాడు. ఊఁ కోసం ఎదురుచూడాలంటే అవతల ఊపిరి ఉన్న మనిషి ఉండాలి.

అక్క బతికే ఉందా? అందుకేనా మొహం చూపించనిది? ఎక్కడో కట్టిపడేసి, మెడ మీద కత్తి పెట్టి, సొంత కూతురితోనే మాట్లాడిస్తున్నారా?

“ఇవాళ నువ్వు చెప్పమ్మా,” అంది అక్క గొంతు. ఈసారి ఎందుకో కాస్త వణికింది. “నీళ్ళంటే భయపడే కప్ప కథ.”

“చివరిదాకానా?” అంది బుడంకాయ సంబరంగా.

కాస్త ఆలస్యంగా జవాబు వచ్చింది. “చివరిదాకా.”

చుట్టం చెవిలో మిషన్ గోరువెచ్చగా అయింది. గేమ్‌లో వైర్‌లెస్‌కి ఎక్కువ బలం ఉండదు. మాట్లాడే మనిషి కాలనీలోనే ఎక్కడో ఉండాలి. పిల్ల చేతిలోంచి ఆ బొమ్మ లాక్కోవడం డిపార్ట్‌మెంట్ రూలు. కానీ లాక్కుంటే సిగ్నల్ పోతుంది. సిగ్నల్‌తో పాటే అక్కా పోతుంది. అతను బొమ్మని ముట్టుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఆ నిమిషంలో అతను ఏజెంట్ కాదు, ఉత్త తమ్ముడు.

*

పాలబూత్ దాటేసరికి చెవి వెచ్చబడింది. సైకిల్ స్టాండ్ మలుపులో చల్లారింది. వెనక్కి తిరిగి కుట్టుమిషన్ల కొట్టు పక్క సందులోకి వెళితే చురుక్కుమంది. సందు చివర మూతపడిన కళ్ళజోళ్ళ షాపు ముందు చెవి భగ్గుమంది. స్క్రూడ్రైవర్ ఆత్మ ఎక్కడున్నా సంతోషించి ఉంటుంది.

వెనక తలుపు తాళం తీయడం అతనికి కొత్తేమీ కాదు. లోపల అరల నిండా అద్దాలు లేని కళ్ళజోళ్ళు వరసగా అతన్నే చూస్తున్నాయి. లోపలి గదిలో దీపం వెలుగుతోంది. స్పీకర్‌లోంచి బుడంకాయ గొంతు వస్తోంది.

“అందరూ పిలిచినా కప్ప దిగలేదు.”

“ఊఁ,” అంది గదిలో ఎవరో.

“అప్పుడు వాన మొదలైంది.”

“ఊఁ.”

“అక్కా!” అంటూ చుట్టం తలుపు తోశాడు.

మైకు ముందు కూర్చున్న మనిషి తల తిప్పింది. ఎర్రని పెదాలు. నల్ల కళ్ళద్దాలు బల్ల మీద ఉన్నాయి. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. నెమలి. మైకు పక్కన ఉన్న యంత్రం ఆమె మాటని మింగి అక్క మాటగా బయటికి పంపిస్తోంది. అక్క లేదు. ఆ గదిలో అక్క ఎప్పుడూ లేదు.

చుట్టం గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ కాస్త ఆలస్యం చాలు. తలుపు చాటు నుంచి తుపాకీ గొట్టం వచ్చి అతని కణతకి ఆనింది.

“దయచేసి కదలవద్దు. మీరు బాలిక యొక్క మేనమామ.”

బూడిదరంగు కోటు వేసుకున్న సన్నటి మనిషి. ముఠా నాయకుడు. మన భాష పుస్తకాల్లోంచి నేర్చుకున్నవాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క ప్రాణం లేదు.

“మాయ తలుపు గురించి కథ చెప్పుమని మా క్రీడ అడిగినది,” అన్నాడు కోటు మనిషి మర్యాదగా. “తన తండ్రి కార్యాలయపు తలుపు, తల్లి చెప్పిన కప్ప కథలోని చివరి వాక్యముతో తెరచుకొనునని బాలిక చెప్పినది. ఎవరు పలికినను చాలును. చాలా చక్కని ఊహాశక్తి. ఐతే అది ఊహ కాదు.”

పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టకూడదని లాబ్‌లో రూలు పెట్టింది బావే. రాయనక్కర్లేనిది, మరిచిపోలేనిది ఆయన దగ్గర అదొక్కటే ఉంది మరి. ఆ వాక్యాన్ని ఇప్పుడు బుడంకాయ చెప్పబోతోంది. దాని చేతిలోంచి బొమ్మ లాక్కోకుండా వచ్చిన ఘనుడు తనే.

“కప్ప తొట్టి అంచు మీదికి ఎక్కింది,” అంది స్పీకర్.

ఆగింది.

నెమలి మైకు వైపు వంగింది. చుట్టం మొహంలోకి చూసింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వెనక్కి జరిగింది.

“బాలిక ఏల ఆగినది?” అన్నాడు కోటు మనిషి.

“ఆలోచిస్తోందేమో సార్.”

“ప్రశ్నింపుము.”

ఆమె కదల్లేదు. అతను తుపాకీ అలాగే పట్టుకుని మైకు తన వైపు లాక్కున్నాడు.

“పిమ్మట ఏమి సంభవించినది?”

అది అక్క గొంతుతో వెళ్ళింది. చచ్చిపోయినవాళ్ళు మాట్లాడితే ఇలాగే ఉంటుందేమో.

“అమ్మా?” అంది బుడంకాయ. “అలా మాట్లాడుతున్నావేంటి?”

“నీవు మిక్కిలి తెలివిగల బాలికవు. కథను ముగింపుము.”

అటువైపు నిశ్శబ్దం. మెచ్చుకుంటే చెప్పేస్తారని ముఠా పాఠాల్లో ఉంది గానీ, అమ్మ ఊఁ కొట్టకపోతే కథ కదలదని ఎక్కడా లేదు.

“అమ్మా, వింటున్నావా?”

కోటు మనిషి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. వాడు తెలివితక్కువవాడు కాదు. “మీ ఇరువురికిని తెలియును. ఆమెకు ఏదియో కావలెను. చెప్పుడు.” తుపాకీ కణతలోకి దిగబడింది.

చుట్టం పెదాలు బిగించాడు. ప్రాణం పోతుందన్న భయం కంటే, గొంతులో అడ్డం పడ్డ ఆ ఒక్క ఊఁ ఎక్కువ బాధపెట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అడగ్గానే ఇచ్చిన చప్పుడు అది. అక్కడ బల్ల కింద తల్లి లేని పిల్ల దానికోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఒక్క ఊఁ అంటే దానికి అమ్మ ఉంటుంది. అనకపోతే దేశం ఉంటుంది. దిక్కుమాలిన ఉద్యోగం అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు.

“అమ్మా… నిద్రొచ్చిందా?”

ఎవరూ మాట్లాడలేదు.

“సరే, పడుకో,” అంది బుడంకాయ, గొంతు తగ్గించి, ఎవరికో మెలకువ వస్తుందేమో అన్నంత మెల్లిగా. “రేపు ఇక్కణ్ణుంచి చెప్తా.”

టిక్కుమని స్పీకర్ ఆగిపోయింది.

కోటు మనిషి ఆ స్పీకర్ వైపు నోరు తెరుచుకుని చూశాడు. నెమలికి అంత సందు చాలు. కళ్ళజోళ్ళు పెట్టుకుని చూసుకునే బల్ల అద్దం ఎత్తి అతని మణికట్టు మీద వేసింది. తుపాకీ పేలి గోడకున్న అక్షరాల చార్టుకి బొక్క పడింది. మిగతా పని చుట్టం చూసుకున్నాడు. ఏడాదిగా దాచుకున్న కోపం అంతా వాడి మొహం మీద ఖర్చుపెట్టాడు. మైకు వైరుతో కట్టేసేటప్పటికి కోటు మనిషి వ్యాకరణం పూర్తిగా దెబ్బతింది. లాబ్‌లో కాచుకున్న మనిషి పేరు అడిగిన వెంటనే చెప్పేశాడు.

*

“మా అక్క?” అన్నాడు చుట్టం. అడగకుండా ఉండలేకపోయాడు.

“కారు సంగతి నిజమేనండీ,” అంది నెమలి. “గేమ్ ఈ ప్రశ్నలన్నీ ఎందుకు అడుగుతోందో ఆవిడకి అర్థమైపోయింది. ఇంక చదవనంది. అప్పుడు నేనింకా అక్కడ చేరలేదు.”

నాలుగు సందులు పరిగెత్తినంతసేపే అతనికి అక్క తిరిగొచ్చింది. ఇప్పుడు రెండోసారి పోయింది. ఈసారి ఎవరూ పెట్టె మూసి దాచలేదు.

“షోరూమ్‌లో వారంటీ లేదన్నారు?”

“వెనక గదిలో వీడున్నాడండీ మరి.”

“రిపోర్టు ఎందుకు పంపలేదు?”

ఆమె పగిలిన అద్దం ముక్కలు ఏరుతూ కూర్చుంది. “పంపితే ఆ పూటే అన్నీ మూయించేస్తారు. ఆ పాపకి మళ్ళీ అమ్మ పోతుంది. మొదటి రోజు గబగబా చదువుకుపోతుంటే ‘ఆగమ్మా, నన్ను ఊఁ అననీ’ అంది. అప్పట్నుంచి నావల్ల కాలేదు. రోజూ కథ చివరికి రాకుండా ఎటో మళ్ళించేదాన్ని. ఇవాళ వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. నా మీద కేసు పెట్టండి, పర్లేదు.”

కేసు ఏమని పెట్టాలో చుట్టానికి తోచలేదు. జేబురుమాలు ఇచ్చాడు.

కాలనీలో గేమ్‌లన్నీ ఆ పూటే జప్తు చేయమని ఆర్డర్ వచ్చింది. బుడంకాయది తెస్తానని చుట్టమే వెళ్ళాడు. ఆ పిల్ల బల్ల కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. అతను కూడా ఎలాగో లోపలికి దూరాడు. దూది పొట్ట ఇంకా తీయలేదు, ఇరుక్కుపోయాడు.

“మామయ్యా, బొమ్మ తీసుకెళ్ళడానికి వచ్చావా?”

“ఊఁ… అవున్రా.”

“అందులో ఉన్నది అమ్మ కాదుగా?”

అబద్ధాలు తన్నుకుని వచ్చాయి. అన్నిటినీ మింగేశాడు. “కాదు తల్లీ.”

“తెలుసు,” అంది. పసుపుపచ్చ బొమ్మని గౌను అంచుతో శుభ్రంగా తుడిచి అతని చేతిలో పెట్టింది. “గొంతు అమ్మదేగా. చాల్లే అనుకున్నా.”

అంత పెద్ద వాక్యాలు ఆ పిల్ల మనిషితో మాట్లాడి ఏడాది దాటింది. చుట్టం పిల్లని దగ్గరికి తీసుకుని, సిగ్గుపడకుండా, భోజనాల బల్ల కదిలేలా ఏడ్చాడు. మామయ్య వీపు నిమురుతూ బుడంకాయ కూడా ఏడ్చింది, తల్లి పోయినప్పుడు ఏడవనిది కూడా కలిపి.

ఆ పూటే బావ పరుగున వెళ్ళి స్ట్రాంగ్‌రూమ్‌కి కొత్త మాట పెట్టి వచ్చాడు. మర్నాడు ట్రయల్ టైముకి జనరల్స్ అందరూ బారులు తీరి నిలబడ్డాక, ఉక్కు తలుపు ముందు నిలబడి తల గోక్కున్నాడు. భార్య తనని తిట్టిన తిట్లలో ఒకటి పెట్టానని గుర్తుంది గానీ, ఏదో గుర్తులేదు. చేసేదేం లేక ఒక్కొక్కటే వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. మతిమాలిన మేళం దగ్గర మొదలై, చొక్కా తిరగేసి తొడుక్కునే మేధావి మీదుగా, అలా చాలాసేపు నడిచింది. జనరల్స్ పైకప్పు చూస్తూ నిలబడ్డారు. ఒకాయన పొట్ట పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. కాపురం మొత్తం అయిపోవచ్చిందనగా, ఒక తిట్టుకి తలుపు మెత్తగా తెరుచుకుంది.

చుట్టం ఆ తిట్టుని కూడా రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు. పెద్దాయన చదివి, కడుపుమంట బిళ్ళ వేసుకుని, దాని మీద నల్లసిరా పూసేశాడు. రహస్యమని కాదు, రిపోర్టు మినిస్టర్‌గారి భార్య కూడా చదివి నేర్చుకుంటుందని.